రైఫిల్ స్టాక్ మార్చడం నేర్చుకుందాం – 3వ పాఠం: స్క్రూకి సరిపడే టూల్

కిందటి రెండు పాఠాల్లో రైఫిల్‌ని ఖాళీ చెయ్యడం, బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక నుంచి మూసే ముక్క) బయటికి తియ్యడం, స్టాక్‌లో, అంటే భుజానికి ఆనించి పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగంలో, ఏయే ముక్కలుంటాయి, ఏ ముక్క దేనికి అనేది చూశాం. ఈ పాఠంలో కూడా స్టాక్ విప్పట్లేదండీ, విప్పే ముందు చేతిలో ఏం ఉండాలో అదొక్కటే మాట్లాడుకుందాం. స్క్రూడ్రైవర్ ఎవరికి తెలీదు, దానికో పాఠమా అనిపించొచ్చు, కానీ సెకండ్ హ్యాండ్ రైఫిల్స్ అమ్మే షాపుకి వెళ్ళినప్పుడు ర్యాక్‌లో ఉన్నవాటిని అడిగి తిరగేసి ట్రిగ్గర్ గార్డ్ దగ్గర స్క్రూ తలలు చూడండి, గాడి అంచులు పైకి లేచి, చుట్టూ మెరుపు గీతలు పడి ఉన్నవి చాలా కనిపిస్తాయి. బారెల్ బాగుంటుంది, చెక్క బాగుంటుంది, ఆ ఒక్క చోట మాత్రం ఎవరో చేతికందిన స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పేశారని తెలిసిపోతుంది, రేటు కూడా అక్కడే తగ్గిపోద్ది.

ఈ పాఠాలు అమెరికాలో ఉండి డీర్ సీజన్‌కో, రేంజ్‌లో టార్గెట్ షూటింగ్‌కో బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనుక్కున్న మనవాళ్ళ కోసం రాస్తున్నా. ఇండియాలో లైసెన్స్ రైఫిల్ ఉన్నవాళ్ళు చదివి అర్థం చేసుకోండి, పని మాత్రం లైసెన్స్ ఉన్న ఆర్మరర్ చేతే చేయించుకోండి. ఉదాహరణకి మొదటి నుంచి రెమింగ్టన్ 700నే తీసుకుంటున్నాం, 1962 నుంచి వస్తున్న రైఫిల్ కాబట్టి దానికి దొరికినన్ని స్టాకులు ఇంకో బోల్ట్ యాక్షన్‌కి దొరకడం కష్టం, చాలామంది మొదట చెయ్యి పెట్టేది దీనిమీదే. ఇంకోసారి చెప్తున్నా, 1వ పాఠం చదవకుండా ఇక్కడికొచ్చినవాళ్ళు వెనక్కెళ్ళండి. బోల్ట్ బయట ఉండాలి, మ్యాగజైన్ ఖాళీగా ఉండాలి, చాంబర్‌ని (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూసి చిటికెన వేలు పెట్టి మరీ చెక్ చెయ్యాలి, తూటాలు అసలు ఆ గదిలోనే ఉండకూడదు.

700లో యాక్షన్‌ని, అంటే బోల్ట్ కదిలే లోహపు భాగాన్ని, స్టాక్‌కి పట్టి ఉంచేవి ముఖ్యంగా రెండు స్క్రూలు, ముందొకటి వెనకొకటి, మోడల్‌ని బట్టి ట్రిగ్గర్ గార్డ్‌కి ఇంకో చిన్నది ఉండొచ్చు. ఆ రెండూ పావు అంగుళం స్క్రూలు, అంగుళానికి 28 మరలు, అంటే సన్న మరలు. తల మాత్రం ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది, పాతవాటికి అడ్డగాడి ఉంటుంది, కొత్తవాటికి ఎక్కువగా అల్లెన్ తల (ఆరు పలకల గుంట), ఎవరైనా మార్చి ఉంటే టార్క్స్ (నక్షత్రం గుంట) కూడా కనిపించొచ్చు. కాబట్టి ముందు టార్చ్ వేసి తల చూడండి. గుంటలో పాత నూనె, దుమ్ము, ఒక్కోసారి చెక్కకి వేసిన వార్నిష్ కూడా గడ్డకట్టి ఉంటుంది, టూత్‌పిక్‌తో మొత్తం గీకి తియ్యండి, లేకపోతే ఎంత మంచి బిట్ తెచ్చినా అడుగుదాకా దిగదు, సగంలో కూర్చుని జారుతుంది.

అడ్డగాడి స్క్రూ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఇంట్లో వాడే మామూలు స్క్రూడ్రైవర్ కొనని పక్క నుంచి చూడండి, పైన మందంగా కింద పల్చగా చీల ఆకారంలో ఉంటుంది. స్క్రూ గాడేమో పైనుంచి కిందకి ఒకే వెడల్పు. చీలని దాంట్లో పెడితే అది తగిలేది గాడి పై అంచుల్లో మాత్రమే, అడుగున గాలే. గట్టిగా తిప్పేసరికి బలమంతా ఆ సన్న అంచుల మీద పడుతుంది, డ్రైవర్ పైకి ఎక్కి బయటికి దూకుతుంది, అంచులు చితికిపోతాయి, దూకిన డ్రైవర్ వెళ్ళి చెక్క మీదో బ్లూయింగ్ (లోహానికి ఉండే నల్లటి నీలి పూత) మీదో గీత పెడుతుంది. గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్ అని విడిగా అమ్మేవాటికి కొన రెండు వైపులా లోపలికి గుంటగా అరగదీసి ఉంటుంది, అందుకని చివర భాగం రెండు పక్కలా సమానంగా నిలబడి గాడి గోడలకి పైనుంచి అడుగుదాకా ఆనుతుంది. వీటిని హాలో గ్రౌండ్ బిట్స్ అంటారు, బ్రౌనెల్స్, వీలర్ లాంటి కంపెనీలవి సెట్‌లుగా దొరుకుతాయి, ఒక హ్యాండిల్, బోలెడు బిట్స్.

సెట్ కొన్నంత మాత్రాన అయిపోదు, దాంట్లోంచి సరైన బిట్ ఎంచుకోవాలి, చూడాల్సింది రెండు కొలతలు. మందం ఎంతుండాలంటే బిట్ పెట్టి అటూ ఇటూ కదిపితే ఊగకూడదు, కొంచెం పట్టుగా దిగాలి. వెడల్పు గాడి మొత్తం నిండాలి, కానీ స్క్రూ తల దాటి ఒక్క వెంట్రుకంత కూడా బయటికి రాకూడదు, ఎందుకంటే ట్రిగ్గర్ గార్డ్‌లో తల లోపలికి దిగి ఉంటుంది, బయటికొచ్చిన మూల ఆ గుంట గోడని చుట్టూ గీరేస్తుంది. రెండు బిట్స్ మధ్యలో పడుతుంటే వెడల్పు తక్కువైనా పర్లేదు గానీ మందం మాత్రం వదులుకోవద్దు. ఏదీ సరిపోకపోతే కొంచెం మందంగా ఉన్న బిట్‌ని సన్నరాయి మీద నెమ్మదిగా అరగదీసి సరిచేసుకోవచ్చు, గ్రైండర్ మీద పెట్టి వేడెక్కిస్తే స్టీల్ మెత్తబడిపోద్ది, చేత్తోనే చెయ్యండి.

అల్లెన్ స్క్రూలకి వచ్చే గొడవ వేరు, అంగుళాలా మిల్లీమీటర్లా అని. అమెరికన్ రైఫిల్స్‌లో ఎక్కువగా అంగుళాల సైజులే, జర్మన్ రైఫిల్స్‌లో మిల్లీమీటర్లు. 5/32 అంగుళం అంటే 3.97 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్ల గుంటలో అది దాదాపు సరిపోతుంది, దాంతో మనకి రెండూ ఒకటేలే అని ధైర్యం వచ్చేస్తుంది. అదే ధైర్యంతో 5 మిల్లీమీటర్ల గుంటలో 3/16 అంగుళం కీ పెట్టామనుకోండి, అది 4.76 మిల్లీమీటర్లే, పావు మిల్లీమీటరు వదులు, బిగుసుకున్న స్క్రూ మీద ఒక్కసారి గట్టిగా తిప్పితే చాలు గుంట మూలలు గుండ్రంగా అయిపోతాయి. హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడే పిల్లలకి ఈ కంగారు ఉండదు, వాళ్ళ చేతుల్లో ఉండే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటివన్నీ జర్మన్‌వే, మిల్లీమీటర్ల కీలు ఒక్క సెట్ ఉంటే చీక్‌పీస్ నుంచి బట్‌ప్లేట్ దాకా అన్నీ కదుపుకుంటారు. మనకి రెండు సెట్లూ కావాలి, రెండిటికీ వేరే రంగు టేప్ చుట్టి వేరే డబ్బాల్లో పెట్టుకోండి. చివర బంతిలా గుండ్రంగా ఉండే అల్లెన్ కీలు వదులయ్యాక చకచకా తిప్పడానికి బాగుంటాయి, మొదటి బిగువు విప్పడానికి, చివరి బిగువు ఇవ్వడానికి మాత్రం వాడొద్దు, అవి గుంటలో చాలా తక్కువ చోట తగులుతాయి.

స్టాక్ వెనకాల భుజానికి ఆనే రబ్బర్ రీకాయిల్ ప్యాడ్ మార్చాలనుకునేవాళ్ళు ముందు స్క్రూలే కనిపించక ఖంగు తింటారు. అవి రబ్బర్ లోపల దాక్కుని ఉంటాయి, పైన చిన్న చీలికలో చుక్కల్లాంటి గుర్తులో ఉంటాయి. ఎక్కువగా అవి చెక్కలోకి దిగే ఫిలిప్స్ (ప్లస్ గుర్తు) తల స్క్రూలు. దీనికి పొడుగ్గా, గుండ్రంగా, నున్నగా ఉండే కాడ ఉన్న డ్రైవర్ కావాలి, పలకలుగా ఉండే బిట్ హోల్డర్ దూర్చారంటే తిరిగే కొద్దీ రబ్బర్‌ని చింపేస్తుంది. కాడకి గిన్నెలు కడిగే లిక్విడ్ సబ్బు ఒక చుక్క రాసి దూర్చండి, రబ్బర్ ముడుచుకోకుండా లోపలికి జారి పని అయ్యాక గాటు మళ్ళీ మూసుకుంటుంది. కొత్త ప్యాడ్ బిగించేటప్పుడు, పాత రంధ్రాలే వాడుతుంటే, స్క్రూని ముందు వెనక్కి తిప్పండి, టక్కున చిన్నగా కిందికి పడినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పితే పాత మరల్లోనే ఎక్కుతుంది, చెక్కలో కొత్త దారి కొయ్యదు.

ఇక అసలు సంగతి టార్క్, అంటే స్క్రూని ఎంత బలంతో తిప్పి బిగించామనే కొలత. స్టాక్ మార్చాక గ్రూప్ (టార్గెట్ మీద తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయనేది) పాడైందని స్టాక్‌ని తిట్టుకునేవాళ్ళు చాలామంది స్క్రూలు ఎంత బిగించారో చెప్పలేరు, గట్టిగానే బిగించానండీ అంటారు. గట్టిగా అనేది కొలత కాదు కదా, పొద్దున చెయ్యి ఒక బలం, సాయంత్రం చెయ్యి ఇంకో బలం. లోపల అల్యూమినియం బెడ్డింగ్ బ్లాక్ (యాక్షన్ కూర్చునే లోహపు దిమ్మ) ఉన్న స్టాక్ అయితే 700 యాక్షన్ స్క్రూలకి మామూలుగా చెప్పేది 65 ఇంచ్ పౌండ్లు. ఉత్త చెక్క స్టాక్ అయితే అంత కుదరదు, చెక్క నలిగిపోతుంది, 35 నుంచి 45 మధ్యలో ఆగాలి, స్టాక్ తయారీదారు కాగితంలో వేరే అంకె ఇస్తే అదే ఖాయం. యాక్షన్ స్టాక్‌లో సమంగా కూర్చోకుండా స్క్రూలు బిగిస్తే ఆ బిగువుకి యాక్షనే కొంచెం వంగుతుంది, గ్రూపు అక్కడే చెదురుతుంది.

అంకె కన్నా ముందు యూనిట్ చూడండి, దయచేసి. ఇంచ్ పౌండ్లు వేరు, ఫుట్ పౌండ్లు వేరు, 12 ఇంచ్ పౌండ్లు కలిస్తే 1 ఫుట్ పౌండ్. 65 ఇంచ్ పౌండ్లంటే 5.4 ఫుట్ పౌండ్లు మాత్రమే. గరాజ్‌లో కారు టైర్లకి వాడే పెద్ద టార్క్ రెంచ్ మొదలయ్యేదే దానికి పైన, దాన్ని తెచ్చి 65 మీద పెడితే పావు అంగుళం స్క్రూ తెగి ఊరుకుంటుంది. జర్మన్ రైఫిల్ కాగితంలో న్యూటన్ మీటర్లలో ఉంటుంది, 1 న్యూటన్ మీటర్ అంటే 8.85 ఇంచ్ పౌండ్లు, ఫోన్‌లో లెక్క వేసి కాగితం మీద రాసి పెట్టుకున్నాకే టూల్ పట్టుకోండి. ఈ పనికి స్క్రూడ్రైవర్ ఆకారంలో ఉండే చిన్న టార్క్ డ్రైవర్ సరిపోతుంది, వీలర్ వాళ్ళ ఫ్యాట్ రెంచ్ 10 నుంచి 65 ఇంచ్ పౌండ్ల దాకా పనిచేస్తుంది. పని అయిపోయాక దాని స్ప్రింగ్‌ని కింది అంకెకి తిప్పి దాచండి, 65 మీదే నెలలు వదిలేస్తే స్ప్రింగ్ బలం మారిపోద్ది, తర్వాత అది చూపించే అంకెని నమ్మలేం.

మరలకి నూనె ఉంటే అదే అంకె దగ్గర బిగువు ఎక్కువ పడుతుందని కూడా గుర్తుపెట్టుకోండి, రాపిడి తగ్గిపోయి స్క్రూ ఇంకొంచెం తిరుగుతుంది కాబట్టి. తయారీదారు వేరేగా చెప్తే తప్ప యాక్షన్ స్క్రూలని తుడిచి పొడిగానే బిగించండి. స్కోప్ మౌంట్ స్క్రూలకి నీలం లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేసే అలవాటుతో వీటికి కూడా వేసేస్తుంటారు, సరైన టార్క్ ఇచ్చినప్పుడు అవసరం పడదు. ఎరుపుది మాత్రం రైఫిల్ దగ్గరికే రానివ్వద్దు, అది వదలాలంటే 260 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చెయ్యాలి, ఆ వేడికి పక్కన ఉన్న చెక్క, ప్లాస్టిక్ ఏమవుతాయో మీరే ఆలోచించండి.

విప్పేటప్పుడు రాని స్క్రూతో కుస్తీ పట్టొద్దు. సరైన బిట్ పెట్టి, పైనుంచి బరువు వేసి, నిటారుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి, రాకపోతే పెనెట్రేటింగ్ ఆయిల్ ఒక్క చుక్క వేసి రాత్రంతా వదిలేయండి, ఎక్కువ పోస్తే చెక్క పీల్చుకుని మెత్తబడుతుంది. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ కొన తల మీద కాసేపు ఆనించి మళ్ళీ ప్రయత్నించండి. ప్రతి ప్రయత్నానికి ముందు తల చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించండి, బిట్ జారినా గీత టేప్ మీద పడుతుంది. రైఫిల్‌ని ఒళ్ళో పెట్టుకుని ఈ పని అస్సలు చెయ్యొద్దు, మెత్త దవడలున్న గన్ వైస్‌లోనో, కనీసం దళసరి టవల్ మడతల మీదో కదలకుండా పెట్టాలి, రెండు చేతులూ డ్రైవర్ మీదే ఉండాలి.

స్టాక్ విప్పాక ట్రిగ్గర్ అసెంబ్లీ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, దాని మీద సీల్ వేసిన చిన్న స్క్రూలు ఉంటాయి, మీ దగ్గర సరిపోయే కీ ఉన్నా సరే వాటిని ముట్టుకోవద్దు. 700లో ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని, 2006 మే నుంచి 2014 ఏప్రిల్ మధ్య తయారైనవాటిని, 2014లో కంపెనీయే వెనక్కి పిలిచింది, కారణం సీలెంట్ మోతాదు ఎక్కువవ్వడం, దానివల్ల ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉండటం. పాత రైఫిల్ కొన్నవాళ్ళు సీరియల్ నంబర్‌తో అది రీకాల్‌లో ఉందో లేదో తేల్చుకున్నాకే స్టాక్ పని మొదలుపెట్టండి.

వచ్చే పాఠానికి ముందు ఈ పని చేసి ఉంచండి. ఇంట్లో ఒక చెక్క ముక్కకి పావు అంగుళం మామూలు బోల్ట్ ఒకటి వాషర్ వేసి బిగించి, టార్క్ డ్రైవర్‌ని 20 మీద, 40 మీద, 65 మీద పెట్టి క్లిక్ అనేదాకా తిప్పి చూడండి, 40కి 65కి మధ్య వాషర్ కింద చెక్క ఎంత దిగిందో గోరుతో తడిమితే తెలుస్తుంది. 4వ పాఠంలో రైఫిల్‌ని బారెల్ పైకి ఉండేలా బట్ మీద నిలబెట్టి, రీకాయిల్ లగ్ (పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కి ఇచ్చే దిమ్మ) స్టాక్‌లో దాని వెనక గోడకి ఆనేలా కూర్చోబెట్టి, ముందు స్క్రూ తర్వాత వెనక స్క్రూ బిగిద్దాం, ముందు స్క్రూ పొడుగెక్కువై రైఫిల్ బోల్ట్‌కి ముందుండే లగ్‌కి (పొడుచుకొచ్చిన పన్నుకి) తగులుతుందేమో కూడా అప్పుడే చూద్దాం.