చిన్న సంస్థకి పీఆర్ (జనంలోకి మాట తీసుకెళ్లే పని) చేద్దాం - 3వ భాగం: పేపర్లో పడే ప్రెస్ నోట్

పోయిన భాగంలో చెప్పిన పని చేశారా? సంస్థ ఆఫీసులో ఒక పూట కూర్చుని ఎవరెవరు ఫోన్ చేస్తున్నారో, ఏం అడుగుతున్నారో రాసుకోమన్నాను కదా. ఆ కాయితం పక్కన పెట్టుకోండి, ఇవాళ పనంతా దాంతోనే.

మన ఉదాహరణ సంస్థ ఏంటంటే, తలసీమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకి రక్తం సర్దే ఒక చిన్న సంస్థ అనుకుందాం. రిటైరైన ఇద్దరు మాస్టార్లు, ఒక రిజిస్టరు, ఒక ఫోను, అంతే. వాళ్లకి మే నెలలో శిబిరం పెట్టాలి, మీరు నోట్ రాయాలి. చాలామంది రాసేది ఇలా ఉంటుంది:

"స్థానిక ఫంక్షన్ హాలులో మెగా రక్తదాన శిబిరాన్ని ఘనంగా నిర్వహించారు. ముఖ్య అతిథిగా విచ్చేసిన పెద్దలు మాట్లాడుతూ అన్ని దానాల కన్నా రక్తదానం గొప్పదన్నారు. ఈ కార్యక్రమంలో అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి తదితరులు పాల్గొన్నారు."

నవ్వకండి, నేనూ ఇదే రాశాను మొదట్లో. ఇందులో పిల్లలు ఎక్కడున్నారు? పైగా శిబిరం అయిపోయాక రాస్తే చదివినోడు ఏం చెయ్యాలి, పేజీ తిప్పేస్తాడు. నోట్ శిబిరానికి రెండ్రోజుల ముందు వెళ్లాలి, అయ్యాక పంపేది ఒక ఫొటో, రెండు లైన్లు, చాలు.

ఇప్పుడు మీ కాయితం తియ్యండి. అందులో ఏదో ఒక ఫోన్ ఉంటుంది, "సార్ పాపకి రేపు ఎక్కించాలి, డోనర్ దొరకలేదు" అని. మీ వార్త అదే. ఈ పిల్లలకి సుమారు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, మన దగ్గర శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లోనే జరుగుతాయి, ఎండాకాలం కాలేజీలు మూసేస్తారు, పోనీ ముందే సేకరించి దాచుకుందామా అంటే ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులకి మించి నిలవుండవు, కాబట్టి ఫిబ్రవరిలో ఇచ్చిన రక్తం మే నెల చివరికి పనికిరాదు. ఈ లెక్క చాలామందికి తెలీదు, తెలిస్తే వస్తారు. అందుకని మొదటి వాక్యం ఇలా పెట్టండి:

"కాలేజీలకు సెలవులు రావడంతో పట్టణంలో తలసీమియా పిల్లలకు రక్తం దొరకడం లేదు."

తర్వాత ఎంతమంది పిల్లలో రిజిస్టరు చూసి ఉన్న అంకె వెయ్యండి, గుండ్రంగా పెంచొద్దు. ఆ తర్వాత శిబిరం ఎక్కడ, ఏ రోజు, ఎన్నింటికి, ఫోన్ నంబర్. ఎవరివ్వొచ్చో కూడా: 18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోలు, మగవాళ్లయితే గతంలో ఇచ్చి మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు దాటాలి.

ఇక అసలు గొడవ. "బాబూ, మా కోశాధికారి గారి పేరు లేదేంటి?" అని మాస్టారు అడుగుతారు. అడగడం తప్పు కాదు, జేబులో డబ్బు పెట్టి నడిపే మనుషులు. వాదించకండి, "ఆఖర్లో వేశాను సార్" అనండి, అబద్ధం కూడా కాదు. డెస్కులో, అంటే పేపరాఫీసులో వార్తలు దిద్దే చోట, స్థలం చాలకపోతే కత్తెర కింద నుంచే పడుతుంది, అది మీకు తెలిస్తే చాలు. బదులుగా మాస్టారి మాట ఒకటి పైకి తీసుకురండి, గొప్ప సూక్తులొద్దు, ఆయన మీతో నిజంగా అన్నదే, అది కూడా ఆయనకి చదివి వినిపించాకే.

పిల్లల మొహం కనపడే ఫొటో మాత్రం పంపొద్దు. అమ్మానాన్న సరేనన్నా మొహం కనపడకుండా తీయండి, రేపు ఆ పాప స్కూల్లో, పెళ్లి సంబంధాల దగ్గర ఆ పేపర్ కటింగ్ తిరుగుతూ ఉంటుంది. మీది పిల్లల హోమ్ అయితే ఇంకా జాగ్రత్త, 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో బయటపెట్టడం నేరం.

పంపడం గురించి. మండల విలేకరికి వాట్సాప్‌లో మామూలు టెక్స్ట్‌గా, ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగ్గా కనపడే యూనికోడ్‌లో పంపండి. నేనోసారి డీటీపీ సెంటర్లో అను ఫాంట్లో (అది యూనికోడ్ కాదు, ఆ ఫాంటు లేని చోట చదవలేం) కొట్టించిన ఫైలు అలాగే పంపితే ఆయన ఫోన్లో అంతా పిచ్చి గీతలు, ఆ రోజు వార్త పోయింది. మధ్యాహ్నం మూడు లోపు పంపితే మేలు, రాత్రి ఎనిమిదికి పంపి రాలేదని అలగొద్దు. చాలామంది కంట్రిబ్యూటర్లకి, అంటే ఇలాంటి మండల విలేకరులకి, జీతం ఉండదు, పడిన వార్త కొలత మీద డబ్బులొస్తాయి, కాబట్టి సిద్ధంగా ఉన్న మంచి నోట్ ఆయనకీ లాభమే. పంద్రాగస్టుకి యాడ్ అడిగితే మాత్రం మీరు మాటివ్వకండి, మాస్టారి దగ్గరికి పంపండి.

హోంవర్క్: మీ సంస్థ పాత ప్రెస్ నోట్ ఒకటి అడిగి తీసుకోండి, అందులో "ఘనంగా", "విచ్చేసిన", "తదితరులు" కొట్టేసి ఏం మిగిలిందో చూసి, మిగిలిన దాంతో 120 పదాల్లో మళ్లీ రాయండి. నాలుగో భాగంలో ఫొటో, దాని కింద రాసే క్యాప్షన్ సంగతి చూద్దాం.