బట్టల స్టోర్‌లో ఇంటర్న్‌గా సేల్స్, మర్చండైజింగ్ నేర్చుకోవడం ఎలా?

ఫ్యాషన్ కోర్సు చదివేవాళ్లకి ఇంటర్న్‌షిప్ అనగానే బొమ్మలకి బట్టలు తొడగడం, విండో అలంకరించడం కళ్ల ముందు మెదులుతాయి. తీరా చేరాక చేతికిచ్చేది మడత పని. హైదరాబాద్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో, లేడీస్ ఎథ్నిక్ సెక్షన్‌లో మొదటి పది రోజులు నేను చేసింది అదే. చిన్నతనంగా అనిపించింది, నిజమే. కానీ అమ్మకానికైనా, మర్చండైజింగ్‌కైనా (ఏ సరుకు ఎంత తెప్పించాలి, ఎక్కడ ఎలా పెట్టాలి అని చూసుకునే పని) పనికొచ్చే విషయాలన్నీ తెలిసింది ఆ మడతల దగ్గరా, ట్రయల్ రూమ్ గుమ్మం దగ్గరా.

1. మడతపెడుతూ ట్యాగ్‌లు చదవండి

స్టైల్ కోడ్, సైజు, రంగు, ఎంఆర్‌పీ. నాలుగు రోజులు ఇలా చదివితే ఏ కుర్తీ ఎక్కడుందో వెతక్కుండా చెప్పేస్తారు. హ్యాంగర్ల కొక్కేలన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. రెండు హ్యాంగర్ల మధ్య రెండు వేళ్లు పట్టాలి, కిక్కిరిసిన రాక్‌లో ఎవరూ చెయ్యి పెట్టరు. చిన్న సైజులు ముందు, పెద్దవి వెనక. ఏ రాక్‌లో ఏది పెట్టాలో చూపించే ప్లానోగ్రామ్ అని ఒకటి ఉంటుంది, అడిగి చూడండి. అన్నట్టు, మెత్తటి అడుగున్న బూట్లు కొనుక్కోండి. రోజంతా నిలబడాలి.

2. స్టాక్ రూమ్‌కి పిలవకపోయినా వెళ్లండి

కార్టన్లు విప్పి, లెక్క సరిచూసి, సెక్యూరిటీ ట్యాగ్ కొట్టేదాకా పక్కనే ఉండండి. ఎం, ఎల్ అయిపోయి ఎస్, డబుల్ ఎక్స్‌ఎల్ మాత్రమే మిగిలిన డిజైన్‌ని సైజు సెట్ విరిగింది అంటారు. అది రాక్ నిండా ఉన్నా అమ్ముడుపోదు. లోపల డబ్బాలో ఎం సైజు ఉండగానే బయట కస్టమర్‌కి ‘లేదు మేడమ్’ అని చెప్పడం మాత్రం మన తప్పే.

3. కస్టమర్ పీస్ పట్టుకునేదాకా ఆగండి

గుమ్మంలోనే ‘ఏం కావాలి మేడమ్?’ అంటే ‘ఊరికే చూస్తున్నాం’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఒక పీస్ చేతిలోకి తీసుకున్నాక దాని గురించే చెప్పండి. ‘రంగు కాస్త వదులుతుంది మేడమ్, మొదటిసారి విడిగా ఉతకండి’ లాంటి నిజం చెబితే నమ్మకం కుదురుతుంది. మా సెక్షన్‌లో సీనియర్ అక్క నాకు నేర్పింది ఒక్కటే: ‘ఎవరికో తెల్సుకో బిడ్డా, ఎంతలనో వాళ్లే చెప్తరు.’

4. ట్రయల్ రూమ్ దగ్గర నోట్‌బుక్ పెట్టుకోండి

మిగతావి మర్చిపోయినా ఇది మానకండి. లోపలికి ఏ పీస్ వెళ్లింది, కొన్నారా వదిలేశారా, వదిలేస్తే ఏమన్నారు. అంతే రాయాలి.

ఒక శనివారం మెరూన్ స్ట్రెయిట్ కుర్తీ ఎం సైజు పదకొండు మంది వేసుకు చూశారు. కొన్నది ఇద్దరే. కంప్యూటర్‌కి తెలిసేది ఆ రెండు బిల్లులే కాబట్టి ఎవరికీ నచ్చలేదనే అనుకుంటాం. తిరిగిచ్చినవాళ్లని ఒక్కొక్కరినే అడిగాను. ‘చంకలో పట్టేస్తోందమ్మా’ అన్నారు ఒకావిడ. ‘చెయ్యి పైకెత్తలేకపోతున్నా’ అంది ఇంకో అమ్మాయి. ఎల్ ఇస్తే భుజాలు జారిపోతున్నాయి. రంగూ, ధరా అందరికీ నచ్చాయి, తేడా కటింగ్‌లో ఉంది. ఆ పేజీ మేనేజర్‌కి చూపిస్తే ఆవిడ తనే ఆ కుర్తీ వేసుకుని, చేతులు పైకెత్తి చూసి, స్టోర్‌కి స్టాక్ ఎంచి తెప్పించే బయ్యర్‌కి ఫోన్ చేశారు.

5. నాలుగు లెక్కలు రోజూ వేయండి

200 మంది వచ్చి 50 బిల్లులు అయితే కన్వర్షన్ 25 శాతం. ఆ 50 బిల్లులకి 75,000 రూపాయలు వస్తే సగటు బిల్లు 1,500. వాటిలో 90 పీసులుంటే బిల్లుకి 1.8. వచ్చిన 60 కుర్తీల్లో 24 అమ్ముడైతే సెల్ త్రూ 40 శాతం. ఈ చివరిదాన్ని స్టాక్ వయసుతో కలిపి చూడాలి. మూడు వారాల్లో 40 అంటే సంతోషం, పది వారాల్లో 40 అంటే డిస్కౌంట్ స్టిక్కర్ తయారుగా పెట్టుకోవాలి.

పన్ను కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టలకి ఒక్కో పీస్ 2,500 రూపాయల దాకా 5 శాతం జీఎస్టీ, దాటితే 18 శాతం. ఆ గీతకి అటూ ఇటూ ధరలు ఎలా పెట్టారో మీ రాక్‌లోనే చూడండి.

6. బొమ్మకి తొడిగే ముందు రాక్ చూడండి

నేను చూడలేదు. బాగుందని ఆవాల రంగు అనార్కలీ తొడిగాను. ఒక్క సాయంత్రంలో ముగ్గురు అడిగారు. మూడో ఆవిడ కోసం బొమ్మ చేతులు ఊడదీసి తీసిస్తే అది ఎస్ సైజు. స్టోర్ మొత్తంలో అదొక్కటే మిగిలిందట! అప్పటి నుంచి పక్క రాక్‌లో అన్ని సైజులూ ఉంటేనే బొమ్మకి కడుతున్నాను.

7. పండగల లెక్క తెలుసుకోండి

సీజన్ ముగింపు సేల్ జూన్, జులైల్లో వస్తుంది. మనకి అవే ఆషాఢం రోజులు, పెళ్లిళ్లుండవు కాబట్టి షాపులన్నీ ఆషాఢం ఆఫర్లు పెడతాయి. ఫ్లోర్ మీద పాత స్టాక్ తగ్గింపులో పోతుంటే, వెనక శ్రావణం స్టాక్ దిగుతుంటుంది. వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా. చేరే వీలుంటే ఆషాఢంలో చేరండి, రెండూ ఒకేసారి చూస్తారు.

8. చివరి రెండు వారాలకి ఒక రాక్ అడగండి

మొహమాటపడకండి, చిన్నదైనా చాలు. నాకు ట్రయల్ రూమ్ పక్కన నాలుగడుగుల రాక్ ఇచ్చారు. నోట్‌బుక్‌లో ‘కింద వేసుకోవడానికి ఏముంది?’ అన్న ప్రశ్న పదేపదే కనిపించింది కాబట్టి, అక్కడ లెగ్గింగ్స్, దుపట్టాలు రంగుల వారీగా పెట్టాను. రోజూ ఉదయం లెక్కపెట్టి, రాత్రి మళ్లీ లెక్కపెట్టి రాసుకున్నాను. ముందు నలుపు అయిపోయింది, తర్వాత తెలుపు. నేను మోజుపడి ముందు వరసలో పెట్టిన నెమలికంఠం రంగు లెగ్గింగ్స్ ఆరుకి ఆరూ అలాగే ఉన్నాయి.