చిత్రాన్ని చదవడం – 4వ పాఠం: గడ్డకట్టిన కాలువ మీద జనం

గత పాఠంలో పీటర్ బ్రూగెల్ 1565లో వేసిన మంచు చిత్రాన్ని చూశాం. ఈ పాఠానికి డచ్చి చిత్రకారుడు హెండ్రిక్ అవెర్‌కాంప్ సుమారు 1608లో చెక్క పలక మీద తైలవర్ణాలతో వేసిన శీతాకాల దృశ్యాన్ని తీసుకుందాం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉన్న ఈ చిత్రం ప్రతిని ఎదురుగా పెట్టుకుని చదవండి. ఆకాశం నుంచి పడేదీ, నీరు గట్టిపడిందీ మన భాషలో మంచే కాబట్టి, ఇకపై రెండోదాన్ని మంచుగడ్డ అంటాను.

ముందు మనుషులను వదిలేసి క్షితిజరేఖను వెతకండి. అది చాలా పైన ఉంటుంది, పైగా లేత పొగమంచులో కరిగిపోయి, నేల ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తేల్చనివ్వదు. హాలండ్ చదునైన దేశం. ఇంత ఎత్తు నుంచి చూడడానికి అక్కడ కొండ లేదు. అంటే చిత్రకారుడు ఉన్నచోట నిలబడి చూసింది చూసినట్లు వేయలేదు, బ్రూగెల్ వంటి ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రకారుల ఎత్తైన చూపును అరువు తెచ్చుకున్నాడు. 1585లో ఆ ప్రాంతపు ఆంట్‌వెర్ప్ నగరం స్పెయిన్ వశమయ్యాక అనేకమంది కళాకారులు ఉత్తరానికి వలస వచ్చారు. డచ్చితనానికి గుర్తుగా నేడు చెలామణీ అయ్యే ఈ పద్ధతి వారితో వచ్చిన సరుకే.

ఇప్పుడు ఎడమవైపు కింది మూలకు రండి. పాత తలుపును పుల్లతో ఎత్తిపెట్టిన పిట్టల బోను, ఆ దగ్గరలోనే జంతు కళేబరాన్ని పీక్కుతింటున్న కుక్క, కాకి కనిపిస్తాయి. తొలిసారి చూసినప్పుడు నేను వీటిని దాటేసి నేరుగా స్కేటింగ్ చేసేవారి దగ్గరికి వెళ్లిపోయాను. చాలామంది అలాగే చేస్తారు. ఉత్సవంలా తోచే దృశ్యానికి వాకిట్లోనే ఆకలినీ చావునూ పెట్టిన చిత్రకారుడు, ఆ కాలపు కఠినమైన చలిని మరిచిపోలేదు.

తరువాత బట్టలు చూడండి. పట్టు దుస్తులవారు, జాలరులు, బిచ్చగాళ్లు, కోల్ఫ్ (కర్రతో బంతిని కొట్టే ఆట) ఆడేవారు ఒకే మంచుగడ్డ మీద ఉన్నారు. స్పెయిన్‌తో డచ్చివారికి 1568లో మొదలైన యుద్ధం 1609లో 12 ఏళ్ల సంధితో ఆగింది. రాజు లేని ఆ కొత్త డచ్చి రిపబ్లిక్‌లో బొమ్మలను కొని ఇంట్లో వేలాడదీసుకున్నది ఎక్కువగా వర్తకులూ నగరవాసులూ. అందువల్ల ఈ దృశ్యాన్ని సమానత్వపు చిత్రంగా చదవడం తరువాతి వారికి అలవాటైంది. నాకది సగమే నిజమనిపిస్తుంది. గుంపులు పక్కపక్కనే ఉన్నాయి, కలిసిపోలేదు. జారిపడేటప్పుడు మాత్రం అందరూ ఒకటే.

మంచుగడ్డ మీద అందరూ ఒకటే అని చూసే ఆ అలవాటు బలం నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రిస్‌లాండ్‌లో కనిపిస్తుంది. 1909లో మొదలై, సుమారు 200 కిలోమీటర్లు సాగే పదకొండు పట్టణాల స్కేటింగ్ యాత్ర, మంచుగడ్డ చాలినంత మందంగా పేరుకోక 1997 తరువాత జరగలేదు. అయినా చలి ముదిరినప్పుడల్లా అక్కడ దాని ప్రస్తావన వస్తుంది.

అభ్యాసం: చిత్రంలో ఒకరినొకరు పట్టించుకోని మూడు గుంపులను ఎంచుకుని, వారి మధ్య దూరాన్ని కాగితం మీద గీసుకోండి. ఆపై "ఆనందం", "సందడి" అన్న మాటలు వాడకుండా అయిదు వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో మరో డచ్చి చిత్రకారుడు యాకప్ వాన్ రౌస్‌డాల్ శీతాకాల చిత్రాన్ని తీసుకుంటాం. అందులో క్షితిజరేఖ కిందికి దిగుతుంది, మబ్బు నల్లబడుతుంది, జనం పలచబడతారు. అదీ ఆ దేశపు చలికాలమే.