ఐ3లో మోడ్+ఎంటర్ పలుకుతోంది, మోడ్+డి పలకట్లేదు: సమస్య - పరిష్కారం

ఐ3 అంటే లినక్స్‌లో తెర మీది విండోలని కీబోర్డుతో నడిపే విండో మేనేజర్. "ఐ3 షార్ట్‌కట్లు పనిచేయట్లేదు" అంటే ఏమీ తేలదు. ఏ కీలు పలుకుతున్నాయి, ఏవి పలకట్లేదు అన్నది చెబితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కాన్ఫిగ్ (ఐ3 సెట్టింగులుండే) ఫైలు తెరవకముందే మూడు నొక్కి చూడండి. మోడ్ అంటే ఐ3 షార్ట్‌కట్లకి మీరు ఎంచుకున్న కీ, విండోస్ కానీ ఆల్ట్ కానీ. మోడ్+ఎంటర్ నొక్కితే టెర్మినల్ రావాలి. మోడ్+బాణం నొక్కితే ఫోకస్ పక్క విండోకి పోవాలి. మోడ్+డి నొక్కితే డీమెనూ (పేరు టైప్ చేసి ప్రోగ్రాం తెరిచే పట్టీ) తెరుచుకోవాలి. అర నిమిషం పని. ఇది మానేసి గంటసేపు కాన్ఫిగ్ తిరగరాసేవాళ్ళే ఎక్కువ.

(కమాండ్లను పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

మూడూ పలకట్లేదు

కాన్ఫిగ్ జోలికి పోవద్దు. ముందు కీబోర్డు చూడండి. మోడ్‌గా విండోస్ కీని పెట్టుకుంటే, చాలా గేమింగ్ కీబోర్డుల్లో ఆ కీని పనిచేయకుండా ఆపే లాక్ ఉంటుంది. ఎఫ్ఎన్‌తో కలిపి పొరపాటున నొక్కినా పడిపోతుంది. మౌస్‌కి అందే టెర్మినల్ ఒకటి ఉంటే అందులో ఎక్స్ఈవీ (నొక్కిన కీ వివరాలు చూపే ప్రోగ్రాం) నడిపి విండోస్ కీ నొక్కండి. కీకోడ్ (ఆ కీ నంబరు) 133, సూపర్_ఎల్ అని రావాలి. ఏమీ రాకపోతే లాక్ తీయండి.

కీ వస్తున్నా షార్ట్‌కట్ పలకకపోతే, వేరే ప్రోగ్రాం కీబోర్డు మొత్తాన్ని పట్టుకుని ఉండొచ్చు. తెరిచి వదిలేసిన రైట్‌క్లిక్ మెనూ, వర్చువల్ మెషీన్ విండో, రిమోట్ డెస్క్‌టాప్ ఈ పని చేస్తాయి. మెనూ మూసేయండి. వర్చువల్‌బాక్స్ అయితే కుడి కంట్రోల్ నొక్కి బయటికి రండి.

ఏదో ఒకటి రెండు షార్ట్‌కట్లే పలకట్లేదు

మీరు మార్చిన ఫైలునే ఐ3 చదువుతోందా? ఐ3 --మోర్‌వెర్షన్ కొట్టండి. లోడ్ అయిన కాన్ఫిగ్ ఏ దారిలో ఉందో, ఎప్పుడు మార్చారో చూపిస్తుంది. ఐ3 ముందు ~/.కాన్ఫిగ్/ఐ3/కాన్ఫిగ్ కోసం చూస్తుంది. అది లేకపోతేనే ~/.ఐ3/కాన్ఫిగ్‌కి వెళుతుంది. రెండూ ఉన్న మెషీన్‌లో రెండోదాన్ని దిద్దుతూ కూర్చుంటే ఎన్నిసార్లు రీలోడ్ చేసినా ఫలితం ఉండదు. ఫైలు సరైనదే అయితే ఐ3 -సీ (పెద్ద సీ) కొట్టండి, తప్పున్న లైన్ చెబుతుంది. ఒకే కీకి రెండు బైండింగ్‌లు (షార్ట్‌కట్ లైన్లు) ఉంటే తెర పైన ఎర్ర పట్టీ వస్తుంది. చదవకుండా మూసేయకండి.

ఎంటర్, బాణాలు సరే. అక్షరాల కీలు మాత్రం చచ్చాయి

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి తగిలే అసలు చిక్కు ఇదే. మోడ్+డి, మోడ్+ఎఫ్, మోడ్+షిఫ్ట్+క్యూ ఏవీ పలకవు. ఎర్ర పట్టీ రాదు. ఐ3 -సీ తప్పేమీ లేదంటుంది. రీబూట్ చేస్తే బాగైపోతుంది, గంట తర్వాత మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే ర్యామ్‌నీ, డ్రైవర్లనీ అనుమానించేదాకా వెళ్తారు.

కారణం లేఅవుట్ (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరిక) పెట్టుకున్న తీరులో ఉంది. కాన్ఫిగ్‌లో షార్ట్‌కట్ రాసే బైండ్‌సిమ్ లైన్‌లో డి అని రాశామంటే, "డి అక్షరం పుట్టించే కీ" అని అర్థం. అది ఏ కీయో తెలుసుకోవడానికి ఐ3 కీమ్యాప్‌లోని మొదటి గ్రూప్‌లో వెతుకుతుంది. కీమ్యాప్ అంటే ఎక్కించుకున్న లేఅవుట్లన్నీ ఉండే పట్టిక, అందులో ఒక్కో లేఅవుట్ ఒక్కో గ్రూప్. దొరికిన కీకోడ్‌ని పట్టుకుంటుంది, ఆ తర్వాత ఏ గ్రూప్‌లో ఉన్నా ఆ బైండింగ్ పలుకుతుంది. అంటే మొదటి గ్రూప్ ఇంగ్లీషు, రెండోది తెలుగు అయితే ఏ ఇబ్బందీ లేదు.

కానీ చాలామంది స్క్రిప్టులో లేఅవుట్ మార్చే రెండు కమాండ్లు పెట్టుకుంటారు. తెలుగుకి సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఇన్ -వేరియంట్ టెల్, ఇంగ్లీషుకి సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ యుఎస్. ఇది గ్రూప్ మార్చడం కాదు, కీమ్యాప్ మొత్తాన్నే పీకి కొత్తది పెట్టడం. తెలుగు పెట్టగానే మొదటి గ్రూప్ తెలుగైపోతుంది. ఆ తెలుగు లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్, అందులో డి కీ దగ్గర ఉండేది పొల్లు. డి అనే అక్షరం ఆ కీమ్యాప్‌లో ఎక్కడా లేదు, కాబట్టి ఐ3కి పట్టుకోవడానికి కీ దొరకదు. చప్పుడు చేయకుండా ఆ బైండింగ్‌ని వదిలేస్తుంది. ఎంటర్, బాణాలు, ఎఫ్1 లాంటివి ఏ లేఅవుట్‌లోనైనా అవే కాబట్టి మామూలుగా పలుకుతాయి. లేఅవుట్ మార్చే స్క్రిప్టుని మోడ్+టి లాంటి అక్షరానికి కట్టినవాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. తెలుగులోకి వెళ్తారు, తిరిగి వచ్చే దారి కూడా అదే కీ మీద ఉంది.

నిర్ధారించుకోవడానికి ఏ ఆప్షన్లూ లేకుండా ఎక్స్ఈవీ నడిపి, ఆ విండోలో మోడ్+డి నొక్కండి. కీప్రెస్ అని, కీకోడ్ 40 పక్కన యూ0సీ4డీ (పొల్లు యూనికోడ్ సంఖ్య) అని కనబడితే మీ జబ్బు ఇదే: కీ నేరుగా విండోకి చేరింది, ఐ3 పట్టుకోలేదు. దానికి బదులు ఫోకస్‌అవుట్, నోటిఫైగ్రాబ్ అని వస్తే ఎవరో ఒకరు పట్టుకున్నారు, అది వేరే సమస్య.

ఇప్పుడే ఇరుక్కుని ఉంటే, మోడ్+ఎంటర్‌తో టెర్మినల్ తెరిచి, పై బాణంతో పాత కమాండ్లలో (ముందెప్పుడైనా టెర్మినల్‌లో కొట్టి ఉంటే) సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ యుఎస్ వచ్చేదాకా వెళ్ళి ఎంటర్ కొట్టండి. ఒక్క అక్షరం కూడా టైప్ చేయనక్కర్లేదు.

శాశ్వతంగా పోవాలంటే ఆ స్క్రిప్టు తీసేసి రెండు లేఅవుట్లనీ ఒకేసారి ఎక్కించండి:

సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -లేఅవుట్ యుఎస్,ఇన్ -వేరియంట్ ,టెల్ -ఆప్షన్ జీఆర్‌పీ:క్యాప్స్_టాగుల్

ఇందులో రెండు చోట్ల జారిపోతారు. ఇన్,యుఎస్ అని తిరగేసి రాస్తే మొదటి గ్రూప్ మళ్ళీ తెలుగే, ఏమీ మారదు. టెల్ ముందున్న కామా వదిలేస్తే ఆ వేరియంట్ ఇంగ్లీషు లేఅవుట్‌కి అంటుకుంటుంది. ఆ కామాకి ముందున్న ఖాళీ, మొదటి లేఅవుట్‌కి వేరియంట్ లేదని చెప్పడానికే. కొట్టాక సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -క్వెరీతో సరిచూసుకోండి.

ఇక మార్పిడికి క్యాప్స్ లాక్‌నే ఎందుకు పెట్టానంటే, అందరూ రాసుకునే ఆల్ట్_షిఫ్ట్_టాగుల్ ఐ3తో పొసగదు. మోడ్‌గా ఆల్ట్ పెట్టుకున్నవాళ్ళు ఆల్ట్+షిఫ్ట్+క్యూ నొక్కబోతే, షిఫ్ట్ దగ్గరికి రాగానే లేఅవుట్ మారుతుంది, షిఫ్ట్ మాత్రం షిఫ్ట్‌గా లెక్కకి రాదు. విండో మూసుకోదు. విన్_స్పేస్_టాగుల్ కూడా వద్దు, ఐ3 తనతో ఇచ్చే కాన్ఫిగ్‌లో మోడ్+స్పేస్‌కి వేరే పని ఉంది. ఆప్షన్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కొత్తది పెట్టేముందు ఏ విలువా ఇవ్వకుండా ఒక్క -ఆప్షన్‌తో కమాండ్ కొట్టి పాతవి తుడిచేయండి.

ఈ సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ లైన్‌ని ఐ3 కాన్ఫిగ్‌లో ఎగ్జెక్‌తో (ఐ3 మొదలైనప్పుడు నడిచేలా) పెడితే ఇంకో చిక్కు మిగులుతుంది. యూఎస్‌బీ కీబోర్డు ఊడదీసి మళ్ళీ గుచ్చితే అది సిస్టం లేఅవుట్‌తో వస్తుంది, మీ సెట్టింగ్ పోతుంది. డెబియన్, ఉబుంటులో /ఈటీసీ/డీఫాల్ట్/కీబోర్డ్ ఫైలులో ఎక్స్‌కేబీలేఅవుట్, ఎక్స్‌కేబీవేరియంట్, ఎక్స్‌కేబీఆప్షన్స్ లైన్లకి ఇవే విలువలు రాసి రీబూట్ చేయండి. ఫెడోరా, ఆర్చ్‌లలో లొకేల్‌సీటీఎల్ సెట్-ఎక్స్11-కీమ్యాప్ ఈ పని చేస్తుంది.

ఇదంతా సరిచేశాక మోడ్+డి పలికినా, డీమెనూలో తెలుగు అక్షరాలు పడుతున్నాయని గాభరా పడకండి. మీరు తెలుగు గ్రూప్‌లోనే ఉన్నారు. డీమెనూ తెరిచి ఉండగానే క్యాప్స్ లాక్ నొక్కితే ఇంగ్లీషుకి మారుతుంది.

ఐబస్ వాడేవాళ్ళకి

స్క్రిప్టు ఏదీ లేకున్నా ఇదే లక్షణం కనిపిస్తే ఐబస్‌ని (టైపింగ్ భాషలు మార్చే ప్రోగ్రాం) అనుమానించండి. దాని జాబితాలో తెలుగు కీబోర్డు లేఅవుట్‌ని చేర్చి ఉంటే, దానికి మారినప్పుడు లోపల జరిగేది పైన చెప్పిన మార్పిడే. ఐబస్-సెటప్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్ళి, సిస్టం కీబోర్డు లేఅవుట్‌నే వాడమనే గడిలో టిక్ పెట్టండి. తెలుగుకి ఎం17ఎన్ (ఐబస్‌తో వాడే టైపింగ్ పద్ధతుల సంపుటి) పద్ధతుల్లో ఒకటి ఎంచుకోండి, ఆర్‌టీఎస్ కానీ ఇన్‌స్క్రిప్ట్2 కానీ. వీటిలో అక్షరం మారేది కీ అప్లికేషన్‌కి చేరాక. అడుగున లేఅవుట్ ఇంగ్లీషుగానే ఉంటుంది, ఐ3కి తేడా తెలియదు. ఐబస్ మామూలుగా భాష మార్చుకునేది విండోస్+స్పేస్‌తో. అది మోడ్+స్పేస్‌తో ఢీకొంటుంది, రెంటిలో ఒకటి మార్చుకోండి.

స్వేలో

స్వే ఐ3ని పోలిన ఇంకో విండో మేనేజర్. అక్కడ ఇంగ్లీషు మొదట పెట్టినా చాలదు. బైండ్‌సిమ్ తర్వాత --టు-కోడ్ రాయండి, మొదటి లేఅవుట్‌లోని కీకోడ్‌కే కట్టేస్తుంది.

ఎక్స్‌మోడ్‌మ్యాప్ (కీల పని మార్చే ప్రోగ్రాం) పాత ఫైలు మోడ్4ని (విండోస్ కీకి ఉండే పాత్ర) చెరిపేయడం, రెండు విండో మేనేజర్లు ఒకేసారి నడవబోవడం లాంటివి అరుదు. మొదటి మూడు కాంబినేషన్లూ నొక్కి చూడకుండా వాటి వెంట పడొద్దు. కారణమేదైనా సరే, లేఅవుట్ల గోల అసలు వద్దనుకుంటే అక్షరానికి బదులు కీకోడ్‌కే కట్టే బైండ్‌కోడ్ ఉంది: డి కి 40, క్యూకి 24. అదే కీకి పాత బైండ్‌సిమ్ లైన్ ఉంటే తీసేయండి.