నెలల తరబడి వదిలేసిన ఉప్పునీళ్ళ అక్వేరియం గబ్బు కొడుతుంటే ఎలా ఖాళీ చేయాలి?

మొన్న తిరుపతి కొర్లగుంటలో మా బావమరిది ఇంటి తాళం తీశాం, వాళ్ళు బెంగళూరు వెళ్ళి మూడు నెలలైంది, హాల్లో 4 అడుగుల మెరైన్ ట్యాంక్ అలాగే ఉండిపోయింది. తలుపు తెరిస్తే మురిగిపోయిన కోడిగుడ్ల గబ్బు, పక్కన షోకేస్‌లో వెండి కుందులు నల్లగా మాడినట్టు ఉన్నాయి. బావమరిది చొక్కా చేతులు పైకి మడిచి ఇసకలో చెయ్యి పెట్టబోతే "రేయ్ ఆగబ్బా, ఇసక కదిలించొద్దు" అని పట్టుకున్నా.

ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్‌ది, వెండి నల్లబడేది కూడా దాంతోనే. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, ట్యాంక్ నీళ్ళకి మనం కలిపే ఉప్పు పొడి (సాల్ట్ మిక్స్)తోనూ ఇంచుమించు అంతే. ఇసక అడుగున గాలి ఆడనిచోట బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు దాన్నే వాడుకుని ఈ గ్యాస్ తయారుచేస్తాయి, అద్దంలోంచి చూస్తే కనపడే నల్లటి పొర దాని గుర్తే.

మొదట కిటికీలు, తలుపులు మొత్తం తీసి పిల్లల్ని, పెద్దోళ్ళని బయటికి పంపండి, అరగంట ఆగండి. ఏసీ వేస్తే లాభం లేదు, అది రూములో గాలినే తిప్పుతుంది. తర్వాత ట్యాంక్ కరెంట్ మెయిన్ బోర్డు దగ్గరే ఆపండి, ప్లగ్గుల మీద ఉప్పు పేరుకుని ఉంటుంది, తడి చేత్తో పట్టుకుంటే షాక్ కొడుతుంది.

రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు వేసుకుని రాళ్ళమీద బొత్తాల్లాంటి పగడాలు ఉన్నాయేమో చూడండి. జోయాంథిడ్స్ అంటారు, వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, మామూలు విషం కాదు. చచ్చిపోయాయి కదా అని రాయిని వేడినీళ్ళలో ఉడకబెట్టడం, బ్రష్షుతో రుద్దడం అస్సలు వద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రిపాలైన కేసులు విదేశాల్లో ఉన్నాయి. నీళ్ళల్లోనే కవర్లో పెట్టి మూట కట్టేయండి.

ఇక నీళ్ళు. పైపు నోటితో పీల్చడం మనవాళ్ళకి అలవాటు, ఇక్కడ మాత్రం ఆ పని చెయ్యొద్దు, పైపుని ముందే నీళ్ళతో నింపి రెండు చివర్లూ మూసి దించండి. ఇసకకి నాలుగు వేళ్ళ ఎత్తు వరకే లాగి ఆపండి, ఆ నీళ్ళు డ్రెయిన్‌లో పోయండి, మొక్కలకి పోస్తే ఉప్పుకి చస్తాయి (మా అత్త తులసికోటలో పోసేసింది, పాపం ఆ మొక్క ఇంక లేవలేదు).

అసలు గండం ఇసకతోనే. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, ట్యాంక్ లోపలే కూర్చుంటుంది, అందుకని తల లోపలికి వంచకండి. డబ్బా పట్టినంత ఇసక తీసి బకెట్‌లో వేసి మూతపెట్టి బయటికి మోయండి, మళ్ళీ వచ్చి ఇంకొంచెం. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ ఉంటే దాన్ని ఇంట్లో తెరవద్దు, కరెంట్ లేక రోజులు గడిస్తే దాంట్లో కూడా అదే కంపు, మేడ మీదకి తీసుకెళ్ళి విప్పండి.

పని మధ్యలో "వాసన పోయిందిలే" అనిపిస్తే నమ్మొద్దు. గాలిలో ఈ గ్యాస్ 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. మామూలు ఇంటి ట్యాంక్ అంతదూరం పోవడం అరుదే, అయినా తల తిరిగినా, కళ్ళు మండినా పని వదిలేసి బయటికొచ్చేయండి, ఎవరైనా పడిపోతే లోపలికి దూకకుండా 108కి ఫోన్ చేయండి.

చివర్లో గాజు తోమేటప్పుడు బ్లీచింగ్, టాయిలెట్ యాసిడ్, వెనిగర్ కలిపేసేవాళ్ళు ఉంటారు, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మేం ఒట్టి నీళ్ళతోనే కడిగాం, రెండు గంటలు పట్టింది, వాడు ఇప్పుడు అందులో అరటికాయలు మాగేస్తున్నాడు.