జెండా పాటకూ కాంటాకూ మధ్య తిండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, చిట్టా రాస్తాను. ఎండాకాలం ముగిసేదాకా సాగే మిర్చి సీజన్‌లో, వేళకు తినమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వు వస్తుంది. వేళ మా చేతిలో ఎక్కడుంది? రైతు బస్తాలు దించాలి, ఖరీదుదారు ధర పలకాలి, హమాలీ దొరకాలి. అయితే ఎంత తొందర పనిలోనైనా ఆగక తప్పని చోట్లు కొన్ని ఉంటాయి. జెండా పాటలో, అంటే మార్కెట్ వేలంలో, ఆ రోజు పై ధర తేలాక మిగతా సరుకు ధరలు కుదిరేదాకా కొంతసేపు, కాంటా, అంటే తూకం, అయ్యి రైతుకిచ్చే లెక్క చీటీ తక్‌పట్టీ రాసేలోపు ఇంకొంతసేపు. గడియారాన్ని పక్కన పెట్టి, తిండిని ఆ చోట్లకు కట్టేయండి. మీది బడి కావచ్చు, బ్యాంకు కావచ్చు, కుట్టు మిషను కావచ్చు. మీ పని ఎక్కడెక్కడ ఆగుతుందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. తక్కినదంతా తర్వాత.

ఇంటి నుంచి బయలుదేరేముందు అంబలి. ఇద్దరికి నలభై గ్రాముల తైద పిండి, అంటే రాగి పిండి, సరిపోతుంది. రాత్రి పడుకునేముందు గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మూత పెట్టి వదిలేయాలి. ఎండాకాలం తెల్లారేసరికి చక్కగా పులుస్తుంది, చలికాలం సాయంత్రమే కలుపుకోవాలి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లలో ఉప్పు వేసి, తెర్లుతుండగా ఆ పిండిని ధారగా పోస్తూ కలపాలి. మొదట తెల్లగా నురుగు కడుతుంది. కాసేపటికి నురుగు అణిగి రంగు ముదురుతుంది, గరిటె వెనకవైపు పలుచని పొర నిలుస్తుంది, పచ్చి వాసన పోయి కమ్మని వాసన వస్తుంది. అప్పుడు దించాలి. పూర్తిగా చల్లారాకే చల్ల పోయాలి, వేడి మీద పోస్తే విరుగుతుంది. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగడం అందరికీ తెలిసిందే, కానీ మొదటి గుక్క ఉత్తగా తాగండి. ఈ రోజు ఎక్కువ పులిసిందా, ఉప్పు తగ్గిందా అన్నది ఆ గుక్కలోనే తెలుస్తుంది. నిలబడి, చెప్పులు వేసుకుంటూ తాగేవారికి ఎన్నటికీ తెలియదు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది కాబట్టి నా వయసు మోకాళ్లకు ఇది మంచి బేరం. షుగర్ ఉన్నవారికి మాత్రం జావ కంటే జొన్న రవ్వతో గట్టిగా వండే గట్క మేలు. పిండి మెత్తబడి పలుచబడిన కొద్దీ రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది.

ఇక చాయ్. మార్కెట్‌లో చాయ్ అంటే పలకరింపు, బేరం, రాజీ, అన్నీ. వద్దంటే అవతలివారు చిన్నబుచ్చుకుంటారు. అందుకే వద్దనకుండా "సగం పొయ్యి" అంటాను. ఇంకో నియమం కూడా ఉంది: గ్లాసు పట్టుకున్న చేతికి ఫోను అందకూడదు. వేడి గ్లాసును అంచు పట్టుకుని ఊదుకుంటూ తాగే ఆ రెండు నిమిషాలు ఎవరి లెక్కా రాయను. భోజనానికి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా చాయ్, కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. చాయ్‌లోని ట్యానిన్లు పప్పులూ ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఈ మాట మా దగ్గర హమాలీలకు చెబితే, ముందు ఇనుము దొరికే తిండి పెట్టించు అన్నారు. అదీ న్యాయమే.

భోజనానికి ముందు చేతులు కడగడం మా దగ్గర చిన్న పని కాదు. పొద్దంతా బాగా ఘాటుండే తేజా రకం మిర్చి తడిమిన వేళ్లను ఉత్త నీళ్లతో కడిగితే మంట వదలదు, సరికదా ఇంకా పాకుతుంది. కారపు మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నాలుగు చుక్కల కొబ్బరి నూనె అరచేతిలో వేసుకుని, వేళ్ల సందులూ గోళ్ల మొదళ్లూ రుద్ది, తర్వాత సబ్బుతో కడుగుతాను. ఈ పని పూర్తయ్యేసరికి బుర్రలో తిరుగుతున్న క్వింటాళ్ల లెక్కలు కూడా కొంత వెనక్కి తగ్గుతాయి. మీరు మిర్చి ముట్టకపోయినా, తినేముందు చేతులకు కాస్త ఎక్కువ సమయం ఇచ్చి చూడండి. నోటికి కారం తగిలిందా, నీళ్లకు బదులు చల్ల తాగండి. పాల పదార్థాల్లోని మాంసకృత్తులు ఆ మంటను పట్టుకుపోతాయి.

నా డబ్బాలో ఎక్కువగా జొన్న రొట్టె, పప్పు ఉంటాయి. మధ్యాహ్నానికి రొట్టె కాస్త బిరుసెక్కుతుంది. దాన్ని తుంచాలంటే రెండు చేతులూ కావాలి, ఇక ఫోను ఎవరు పట్టుకోవాలి? మీరు ఎంత నిగ్రహం ఉన్నవారైనా ఇలాంటి ఏర్పాటే నమ్మండి, నిగ్రహాన్ని నమ్మకండి. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు. బిరుసు రొట్టె నమలడానికి అంతసేపూ పడుతుంది.

ఎండలు ముదిరితే సీసాలో పచ్చిపులుసు. చింతపండు నానబెట్టి పిసికి, మంట మీద కాల్చిన పచ్చిమిర్చిని ఉప్పు, జీలకర్రతో నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర కలిపి పోపు పెట్టడమే. పొయ్యి మీద మరిగించకూడదు. మా ఇంట్లో వేయించిన నువ్వుల పొడి కూడా వేస్తారు, అది అడుగున పేరుకుంటుంది కాబట్టి పోసుకునే ముందు సీసాను తిప్పాలి. నీళ్లు దుకాణం ముందున్న రంజన్ అనే మట్టికుండ నుంచే, గడగడా కాకుండా కూర్చుని.

సెలవు రోజుల్లోనే అసలు చిక్కు. జెండా పాట లేదు, కాంటా లేదు, పని ఆగే చోట్లు లేవు. పొద్దంతా ఏదో ఒకటి నోట్లో ఆడుతూనే ఉంటుంది. అందుకే ఆ రోజు సాయంత్రం సర్వపిండి బాధ్యత నాది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలిపి, నూనె రాసిన లోతు గిన్నెకు లోపల చేత్తో పలుచగా తట్టి, వేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి ఆ గుంటల్లో నూనె చుక్కలు వేయాలి. మూత పెట్టి సన్న మంట మీద వదిలేయాలి. అంచు ఎర్రబడి గిన్నెను దానంతట అదే వదిలితే అయినట్టు. గిన్నె చల్లారితే కానీ రెండోది తట్టడం కుదరదు, చెయ్యి కాలుతుంది. తొందర ఉన్నవారు రెండు గిన్నెలు పెట్టుకుంటారు. మా ఇంట్లో ఒకటే ఉంది, రెండోది నేను కొననివ్వలేదు.