గోడ మీద సూర్యుడి బొమ్మ: పిల్లలకు కాంతి పాఠం, కళ్లకు కాపు

సూర్యుణ్ని పిల్లలకు చూపించాలంటే ముందు వాళ్లను గోడ వైపు తిప్పి నిలబెట్టండి. సూర్యుడే గోడ మీదికి వస్తాడు.

చిన్న చేతి అద్దం, నల్ల చార్టు ముక్క, టేపు చాలు. చార్టులో 1 సెంటీమీటరు చతురస్రం కోసి అద్దానికి అంటించండి. తూర్పు బాల్కనీ అయితే ఉదయం, పడమటిదైతే సాయంత్రం అద్దాన్ని పుస్తకాల మధ్య నిలబెట్టి, వెలుగు లోపలి గోడ మీద పడేలా తిప్పండి. మిగతా కిటికీలకు పరదాలు వేయండి. అద్దం తిప్పడం పెద్దవాళ్ల పనే. వెలుగు పిల్లల మొహాల మీద, రోడ్డు మీద వెళ్లే బండ్ల మీద పడకూడదు.

అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో తెల్లకాగితం పెడితే మచ్చ చతురస్రంగానే పడుతుంది. కాగితాన్ని మెల్లగా గోడ దాకా జరపండి. 5 మీటర్ల దగ్గర మూలలు కరిగి గుండ్రమవుతుంది. ఎందుకో మీరు చెప్పకండి, ముందు పిల్లల్ని చెప్పనివ్వండి. త్రికోణం కోసినా గుండ్రమే! సూర్యుడి ప్రతి భాగం నుంచీ కాంతి తిన్నగా వచ్చి తన మచ్చ తాను వేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ మచ్చలన్నీ కలిసి సూర్యుడి ఆకారమవుతాయి. మచ్చ చుట్టూ పెన్సిలుతో గీయండి, రెండు నిమిషాల్లో దాదాపు తన వెడల్పంత పక్కకు జరుగుతుంది. గది చిన్నదై మూలలు పోకపోతే రంధ్రాన్ని 5 మిల్లీమీటర్లకు తగ్గించండి.

హైదరాబాద్ కేబీఆర్ పార్కు చెట్ల నీడలో కనిపించే గుండ్రటి వెలుగు మచ్చలూ ఇవే. 2019 డిసెంబర్ 26న అక్కడ కనిపించినలాంటి పాక్షిక సూర్యగ్రహణం నాడు అవన్నీ నెలవంకలవుతాయి.

అద్దంలోకి చూడటమంటే సూర్యుణ్ని చూడటమే. కంటి లోపలి తెర రెటీనాకు నొప్పి తెలియదు, దెబ్బ తగిలిన సంగతి గంటల తర్వాతే బయటపడొచ్చు. ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు, రెండు కూలింగ్ గ్లాసులు కలిపి పెట్టుకోవడం పనికిరావు. పసుపు నీళ్ల పళ్లెంలో సూర్యుడి ప్రతిబింబం చూడటం కూడా వద్దు. నీరు వెనక్కి పంపేది సుమారు 2 శాతమే అయినా, ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు వదిలే వెలుగు 0.0032 శాతం మించదు. తేడా వందల రెట్లు.

రోజువారీ ఎండకు నీడే కొలబద్ద. నీడ మనిషి ఎత్తు కంటే పొట్టిగా ఉంటే అతినీలలోహిత (యూవీ) కిరణాలు బలంగా ఉన్నట్టే. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 దాటాక నిలువు కర్రకు నీడే పడదు. అలాంటి వేళల్లో వెడల్పు అంచు టోపీ, యూవీ400 అని రాసున్న కళ్లద్దాలు ఉండాలి. ముదురు రంగును నమ్మకండి: యూవీని ఆపని నల్లద్దం వెనక కంటిపాప పెద్దదై మరిన్ని కిరణాల్ని లోపలికి తీసుకుంటుంది. కొనేటప్పుడు పిల్లలకు పెట్టి చూడండి, కణతల దగ్గర సందు లేకుండా కూర్చోవాలి.